కొండ కనిపించని ఐదు రోజులు

మొదటి రోజు

నాన్న ముప్పై మూడేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పారు. నల్లబల్ల మీద భారతదేశం పటాన్ని చూడకుండా గీసేవారు. కాశ్మీర్ దగ్గర సుద్దముక్క ఆనిస్తే దేశమంతా చుట్టి మళ్లీ కాశ్మీర్ చేరేదాకా చెయ్యి తీసేవారు కాదు. ఆ తర్వాత సిక్కిం ఉండే చోట చిన్న త్రిభుజం వేసి, "కాంచన్‌జంగా. 8,586 మీటర్లు. ప్రపంచంలో మూడో ఎత్తైన శిఖరం" అనేవారు. ఎనిమిదో తరగతిలో ఆ క్లాసులో నేనూ కూర్చున్నాను. నాన్న ఆ కొండను ఒక్కసారీ చూడలేదని నాకు తెలిసింది మాత్రం మొన్నమొన్ననే. ఆయనకు డెబ్బై రెండు వచ్చాక, ఏదో మాటల్లో.

చూపించాలని పట్టుపట్టాను. ఆర్నెల్ల ముందే తేదీలు చూసుకున్నాను. వర్షాలు వెళ్లిపోయి గాలి కడిగినట్టు ఉంటుందని, మంచుకొండలు బాగా కనిపిస్తాయని అక్టోబర్ చివరి వారం ఎంచుకున్నాను. ఉత్తరం వైపు కిటికీ ఉన్న గదే కావాలని హోటల్ వాళ్లకు నాలుగు సార్లు ఫోన్ చేశాను. ఏ రోజు ఎన్ని గంటలకు ఎక్కడ ఉండాలో ఫోన్లో గంటల వారీగా రాసిపెట్టుకున్నాను. అందులో రాయనిది ఒకటుంది. కొండ కనిపించిన క్షణంలో నాన్న ముఖం ఫోటో తీయాలి. ఆయనకు ఎడమ పక్కన, రెండడుగులు ముందు నిలబడాలని కూడా అనుకున్నాను. మనసులో ఆ ఫోటో ఎప్పుడో తీసేశాను, ఇక ఫోన్‌తో తీయడమే మిగిలింది.

న్యూ జల్పాయిగురి స్టేషన్లో దిగి కారెక్కాం. సిలిగురి దాటాక కాసేపు చదును నేల, తేయాకు తోటలు. తర్వాత ఉన్నట్టుండి రోడ్డు పైకి లేచింది. కర్సియాంగ్ దగ్గరి నుంచి రోడ్డు పక్కనే చిన్న రైలు పట్టాలు మాతో పాటు వచ్చాయి. నాన్న కారు ఆపించారు. దిగి, వంగి, రెండు పట్టాల మధ్య జానలు కొలిచారు. "రెండడుగులే చూడు. 1879లో మొదలుపెట్టి 1881 కల్లా డార్జిలింగ్ దాకా వేసేశారు" అన్నారు. నేను టైమ్ చూసుకుంటున్నాను. చీకటి పడకముందే హోటల్ చేరితే సాయంత్రం ఎండలో కొండ కనిపించే వీలుంటుంది.

సొనాదా వచ్చేసరికి మధ్యాహ్నం మూడింటికే హెడ్‌లైట్లు వేయాల్సి వచ్చింది. తెల్లటి పొగమంచు కారు ముందు గోడలా నిలబడింది. డ్రైవర్ నేపాలీలో "కుయిరో" అన్నాడు, మామూలు విషయం చెప్పినట్టు. గదిలోకి వెళ్లగానే నేను చేసిన మొదటి పని కర్టెన్ లాగడం. అవతల తెలుపు తప్ప ఏమీ లేదు. ఎదురింటి కప్పు కూడా కనిపించలేదు.

రాత్రి వార్తల్లో తెలిసింది, బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని. మన తీరంలో అల్పపీడనం అంటే వర్షం గురించే ఆలోచిస్తాం. అదే తడిగాలి ఉత్తరానికి వెళ్తే దానికి ఎదురుగా నిలబడేది హిమాలయమే. ఆ గోడలో మొదటి మెట్ల మీద ఉన్న ఊరు డార్జిలింగ్. తడిగాలి పైకి ఎక్కుతూ చల్లబడి, మబ్బై, కొండల ముందే నిలిచిపోతుంది. ఇది నాకు వివరించింది నాన్నే, దుప్పటి కప్పుకుని, ఏదో శుభవార్త చెబుతున్నట్టు.

రెండో రోజు

మూడుంపావుకు అలారం. నాలుగింటికి టైగర్ హిల్ దారిలో ఉన్నాం. 2,590 మీటర్ల ఎత్తున్న ఆ గుట్ట మీదికి అంత చీకట్లో ఎందుకు పరిగెత్తాలంటే, తెల్లవారుజామునే లోయలు చల్లగా ఉంటాయి, మబ్బు కిందే పడుకుని ఉంటుంది. ఎండ తగిలి లోయ వేడెక్కితే గాలి పైకి లేచి మబ్బును మోసుకొస్తుంది. తొమ్మిది దాటితే శిఖరం మూసుకుపోవడం మామూలే. కాబట్టి ఆ గంటన్నర సేపే అదృష్టం.

వందల మంది వచ్చారు. మంకీ క్యాపులు, శాలువాలు, భుజాల మీద నిద్రపోతున్న పిల్లలు. ఒకావిడ ఫ్లాస్కులో కాఫీ అమ్ముతూ జనం మధ్య తిరుగుతోంది. అందరం ఉత్తరం వైపు తిరిగి నిలబడ్డాం. ఐదున్నర దాటాక ఎవరో "అదిగో" అని అరిచారు. వందల ఫోన్లు ఒక్కసారి పైకి లేచాయి. ఏమీ లేదు. నలుపు బూడిద రంగైంది, బూడిద రంగు పాలరంగైంది, అంతే, తెల్లవారిపోయింది.

"సారీ నాన్నా" అన్నాను. గొంతు పూడుకుపోయింది.

"దేనికమ్మా?" అన్నారు. ఆయన జనాన్ని చూస్తున్నారు. "ఇంతమంది నోరు మెదపకుండా ఒకే దిక్కుకు తిరిగి నిలబడటం బళ్లో ప్రార్థన వేళ తప్ప ఎక్కడా చూడలేదు."

నాకు ఆ మాట అప్పుడు ఎక్కలేదు. నన్ను ఓదార్చడానికి అన్నారనుకున్నాను.

మధ్యాహ్నం జంతు ప్రదర్శనశాలకు వెళ్లాం. దాని పేరు పద్మజా నాయుడు హిమాలయన్ జూలాజికల్ పార్క్. సరోజినీ నాయుడి కూతురు, హైదరాబాద్‌లో పుట్టిన పద్మజా నాయుడు 1956 నుంచి 1967 వరకు పశ్చిమ బెంగాల్ గవర్నర్‌గా ఉన్నారు. అంత దూరంలో ఆ పేరు చదివి నాన్న చాలా సంతోషించారు. లోపల ఎర్ర పాండాలు ఉన్నాయి. ఇక్కడ పుట్టిన వాటిలో కొన్నింటిని సింగలీలా అడవుల్లో వదిలారు కూడా. ఒకటి కొమ్మ మీద బోర్లా పడుకుని, తోకను ముఖం మీదికి తెచ్చుకుని నిద్రపోతోంది. నాన్న దాని ముందు అరగంట పైనే నిలబడ్డారు. ఊపిరి తీసినప్పుడు దాని వీపు ఎలా లేస్తోందో చెప్పారు. ఆ అరగంటా నేను చెట్ల పైనున్న ఆకాశంలో నీలం కోసం వెతికాను. ఇప్పుడు ఆ జంతువు ముఖం గుర్తు తెచ్చుకుందామంటే నాకు రావడం లేదు. నాన్న చెప్పిన మాటలే గుర్తున్నాయి.

అదే ఆవరణలో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1953లో ఎవరెస్ట్ ఎక్కిన టెన్జింగ్ నార్గే ఇక్కడే శిక్షణ ఇచ్చారు. సంస్థ మొదలైంది 1954లో. ఆయన విగ్రహం కింద మెట్ల మీద కూర్చున్నప్పుడు నాన్న ఒక కథ చెప్పారు. ఎనిమిదో తరగతిలో విన్నదే.

1955 మే 25న జో బ్రౌన్, జార్జ్ బాండ్ అనే ఇద్దరు బ్రిటిష్ వాళ్లు కాంచన్‌జంగా ఎక్కారు. అప్పటిదాకా దాన్ని ఎవరూ ఎక్కలేదు. సిక్కిం ప్రజలకు ఆ కొండ దేవుడు. ఆ శిఖరం మీద కాలు పెట్టబోమని వాళ్ల బృందం ముందే మాట ఇచ్చింది. కొసకు కొన్ని అడుగుల కింద ఇద్దరూ ఆగిపోయారు. మర్నాడు ఎక్కిన మరో ఇద్దరూ అక్కడే ఆగారు. ఆ తర్వాత వచ్చినవాళ్లలో చాలామంది ఆ మాటను పాటిస్తూనే ఉన్నారు.

"పైన వాళ్లను చూసేవాళ్లు ఎవరూ లేరమ్మా" అన్నారు నాన్న. "ఆ నాలుగడుగులూ వేసి దిగొచ్చినా ఎవరికీ తెలిసేది కాదు."

చిన్నప్పుడు అది నాకు ఒక బిట్టు ప్రశ్న. ఆ రోజు మెట్ల మీద కూర్చుని విన్నప్పుడు మాత్రం వేరేగా అనిపించింది. అయినా రాత్రి పడుకోబోయే ముందు మూడు వాతావరణ యాప్‌లు తెరిచి చూశాను. మూడూ మబ్బే చూపించాయి. మళ్లీ మళ్లీ తెరిచాను, నేను చూస్తూ ఉంటే మారుతుందేమో అన్నట్టు.

మూడో రోజు

చిన్న రైలు ఎక్కాం. డార్జిలింగ్ నుంచి ఘూమ్ వెళ్లి తిరిగొచ్చే రెండు గంటల ప్రయాణం. ఆవిరి ఇంజన్. బయలుదేరే ముందు నాన్న ఇంజన్ దగ్గరికి వెళ్లి, బొగ్గు వేసే ఆయనతో వచ్చీరాని హిందీలో చాలాసేపు మాట్లాడారు. 1999లో యునెస్కో ఈ రైలు మార్గాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దానికి ఆ గుర్తింపు ఎందుకు రావాలో ఆ ఇంజన్ పక్కన నిలబడితే తెలుస్తుంది. వేడి, నూనె వాసన, బుసబుసమనే శబ్దం, ఏదో ప్రాణమున్న జంతువు పక్కన నిలబడ్డట్టే ఉంటుంది.

బతాసియా లూప్ దగ్గర రైలు పది నిమిషాలు ఆగుతుంది. ఏటవాలు మరీ ఎక్కువగా ఉందని అక్కడ పట్టాలను గుండ్రంగా తిప్పారు, రైలు తన దారిని తనే దాటుకుంటూ మెల్లగా ఎత్తు మారుతుంది. మధ్యలో పూలతోట, గూర్ఖా సైనికుల స్మారకం. ఆకాశం బాగుంటే దాని వెనక కాంచన్‌జంగా వరుసంతా కనిపిస్తుంది. ఫోటోల్లో వందసార్లు చూశాను. నేను ఆ దిక్కుకు చెయ్యి చూపించి, "సరిగ్గా అక్కడ ఉండాలి నాన్నా. సారీ, ఇవాళ కూడా" అన్నాను.

నాన్న నా వైపు తిరిగారు. కోపంగా కాదు, చాలా నెమ్మదిగా అన్నారు. "అమ్మా, నిన్నటి నుంచి సారీ చెబుతూనే ఉన్నావు. నువ్వు చెప్పిన ప్రతిసారీ నేను చూస్తున్నది వదిలేసి నిన్ను చూడాల్సి వస్తోంది. నీకేమైందోనని. ఆ ఇంజన్ ఎలా తిరుగుతోందో కాస్త చూడనివ్వు."

నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. వెళ్లి నా సీట్లో కూర్చున్నాను. తిరిగొచ్చేటప్పుడు ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడటానికి ఏమీ లేక, ఫోన్ తీయాలనిపించక, కిటికీలోంచి ఊరికే చూస్తూ కూర్చున్నాను. రైలు కొట్ల గుమ్మాలను రాసుకుంటూ పోతోంది. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో వేలాడదీసిన స్వెటర్లు. ఒక ముసలావిడ పట్టాల పక్కన వేసుకున్న కుర్చీని ఎత్తి పట్టుకుని గోడకు ఆనుకుంది. మా పెట్టె దాటగానే కుర్చీని మళ్లీ అదే చోట వేసుకుని కూర్చుంది. వెనక్కి తిరిగి చూస్తే చేతిలోని అల్లిక అప్పుడే మొదలైపోయింది.

సాయంత్రం నాన్న నిద్రపోతుంటే ఆలోచించాను. మూడు రోజులుగా నేను డార్జిలింగ్‌లో లేను. కొండ లేని చోటల్లా తిరిగాను. జంతుశాలకు వెళ్తే అక్కడ కొండ లేదు, రైలెక్కితే కొండ లేదు, కిటికీ తెరిస్తే కొండ లేదు. ప్రతిచోటా లేనిదాన్నే చూసి వచ్చాను. ఇంకో మాట ఒప్పుకోవడానికి చాలా కష్టమైంది. ఈ ప్రయాణం నాన్న కోసం అని అందరితో చెప్పాను, నేనూ నమ్మాను. నిజానికి నాకు కావలసింది నాన్న ముఖం. నేను అనుకున్న క్షణంలో, అనుకున్న వెలుగులో, అనుకున్నట్టు మారే ముఖం. ఆయన మూడు రోజులుగా సంతోషంగానే ఉన్నారు. ఆ సంతోషం నేను ఆర్డర్ ఇచ్చినది కాకపోవడం వల్ల నాకు కనిపించలేదు.

ఆ రాత్రి యాప్‌లు తెరవకుండా ఉండగలిగాను అని చెప్పాలని ఉంది. తెరిచాను. ఒక్కసారే తెరిచాను.

నాలుగో రోజు

డార్జిలింగ్ నుంచి పెల్లింగ్. దూరం చూస్తే వంద కిలోమీటర్లు కూడా లేదు. తేయాకు తోటల మధ్య నుంచి రంగీత్ నది దాకా దిగాలి, నది దాటితే సిక్కింలో జోర్థాంగ్, అక్కడి నుంచి మళ్లీ పైకి. ప్లాన్ ప్రకారం మధ్యాహ్నం రెండింటికి పెల్లింగ్.

పదిన్నరకు ఒక మలుపు తిరిగేసరికి ముందు ఏడెనిమిది బళ్లు ఆగి ఉన్నాయి. కొండచరియ విరిగిపడింది. పెద్దది కాదు, కానీ బురదా రాళ్లూ రోడ్డు మొత్తం కప్పేశాయి. జేసీబీ రావాలన్నారు. ఎప్పుడొస్తుందని అడిగితే ఒకాయన లోయ వైపు చెయ్యి ఊపాడు. మా డ్రైవర్ ఇంజన్ ఆపి, సీటు వెనక్కి వాల్చి, తువ్వాలు ముఖాన కప్పుకున్నాడు.

నేను ఆశ్చర్యపోయింది ఒక్క హారన్ కూడా వినిపించకపోవడం. వెనక ఇంకో పది బళ్లు వచ్చి ఆగాయి. వచ్చినవాళ్లు వచ్చినట్టే ఇంజన్లు ఆపేశారు. ఇంజన్లన్నీ ఆగాక నీళ్ల చప్పుడు వినిపించింది. అంతకుముందు కూడా ఆ నీళ్లు అక్కడే పారుతున్నాయి. కొండ మీద నుంచి ఎక్కడో కనిపించకుండా పడుతున్న సన్నటి ధార. దాని కింద ఇంకో చప్పుడు, ఆకుల మీద నుంచి ఆకుల మీదికి మంచు చుక్కలుగా రాలుతున్నది.

నాన్న దిగి విరిగిపడిన మట్టి దగ్గరికి వెళ్లారు. వద్దని కేకేయబోయి ఆగాను. బళ్ల దగ్గరున్న పెద్దవాళ్లు ఇద్దరు అప్పటికే ఆయన్ను పిలిచి, ఇటు వైపు గట్టిగా ఉంది రమ్మని చోటు చూపించారు. కాసేపటికి నేనూ వెళ్లాను.

"ఇటు చూడు" అన్నారు నాన్న. బురదలో ఏదో మెరుస్తోంది. ఒకటి కాదు, మట్టంతా మెరుస్తోంది. తీసి అరచేతిలో పెట్టారు. అభ్రకం. గోరుతో అంచు పట్టి లాగితే పొర వచ్చింది. దాన్ని ఇంకోసారి లాగితే ఇంకా పల్చటి పొర. ఒక జీపులోంచి దిగిన ఐదారేళ్ల పాప వచ్చి పక్కన నిలబడింది. నాన్న ఒక పొర దాని చేతికిచ్చి కంటికి అడ్డం పెట్టుకొమ్మని సైగ చేశారు. పాప తెల్లటి ఆకాశాన్ని అందులోంచి చూసింది. తర్వాత నాన్నను చూసింది. తర్వాత నన్ను. నవ్వలేదు, చాలా శ్రద్ధగా చూసింది.

హిమాలయం వయసులో చిన్నదని, ఇంకా పైకి లేస్తూనే ఉందని నాన్న చెప్పారు. భారత భూభాగం ఆసియాను నెడుతూనే ఉంది, ఆ ఒత్తిడికి నలిగి మడతలు పడిన రాళ్లివి. ఈ రాయిలో అభ్రకం పొరలు పొరలుగా ఉండటం వల్ల నీళ్లు ఆ సందుల్లోకి దూరతాయి, వాన పడితే ఒక పొర మీద నుంచి ఇంకో పొర జారుతుంది. "అంటే ఇవాళ మనల్ని ఆపింది ఇదే" అని ఆ రేకును పైకెత్తి చూపించారు. వేలికి అంటుకుంటే బరువు తెలియనంత పల్చటి రేకు.

పాప, నాన్న, నేను రోడ్డు పక్క కూర్చుని పొరలు తీశాం. ఎవరు ఎక్కువ పల్చగా తీస్తారోనని పోటీ పెట్టుకున్నాం, మాటల్లేకుండానే. మా ముగ్గురికీ కలిసే భాష లేదు. పాప తీసినది అన్నింటికంటే పల్చగా వచ్చింది, దాని వేళ్లు చిన్నవి కదా. వాళ్లమ్మ జీపు మెట్టు మీద కూర్చుని మమ్మల్ని చూస్తూ స్వెటర్ అల్లుతోంది. ఎవరో ఫ్లాస్కులోంచి పాలు లేని టీ పోసి ఇచ్చారు. మబ్బు మా కాళ్ల కింద లోయలోంచి లేచి, రోడ్డు దాటి, మమ్మల్ని తడిపి, పైకి వెళ్లిపోయింది. ముఖం మీద చల్లటి బట్ట లాగినట్టు అనిపించింది. మూడు రోజులుగా నేను తిట్టుకున్న మబ్బు ఇదే. దాని లోపల కూర్చుని ఉన్నాను.

జేసీబీ వచ్చి దారి చేసేసరికి రెండు దాటింది. నేను టైమ్ చూసింది అప్పుడే. మూడున్నర గంటలు. అంతసేపూ ఉత్తరం ఎటుందో కూడా ఆలోచించలేదని కారెక్కాక తట్టింది. తట్టగానే కాస్త భయం వేసింది, ఏదో మర్చిపోయి వచ్చినట్టు. సంచి తడుముకున్నాను. అన్నీ ఉన్నాయి.

నది దగ్గరికి దిగేసరికి స్వెటర్లు తీసేశాం. పొద్దున వణికిన వాళ్లం సాయంత్రానికి చెమటలు పట్టి కూర్చున్నాం, సముద్రమట్టానికి కొన్ని వందల మీటర్ల ఎత్తే అక్కడ. రంగీత్ ఆకుపచ్చగా, చాలా వేగంగా పారుతోంది. పెల్లింగ్ చేరింది రాత్రి ఏడు దాటాక. గదికి పెద్ద కిటికీ ఉందన్నారు. కర్టెన్ లాగి చూడలేదు. ఆకలేసి నేరుగా భోజనానికి వెళ్లాం.

ఐదో రోజు

పొద్దున కిటికీలో మళ్లీ తెలుపు. ప్లాన్‌లో ఖేచియోపల్రి సరస్సు, 1642లో సిక్కిం మొదటి రాజుకు పట్టం కట్టిన యుక్సోం, రెండూ ఒకే రోజులో ఉన్నాయి. నాన్న మోకాళ్లు చూసి రెండూ కొట్టేశాను. ఎవరూ చెప్పకుండా నేనే కొట్టేశాను. దగ్గర్లో ఉన్నవే చూద్దాం అనుకున్నాం.

పెమయాంగ్త్సే మఠం లోపల ఫోటోలు తీయనివ్వరు. ఫోన్ సంచిలో పెట్టేశాను. పై అంతస్తులో ఏడంతస్తుల చెక్క నిర్మాణం ఉంది, గురు పద్మసంభవుడి స్వర్గానికి రూపం. మేడలు, ఇంద్రధనుస్సులు, చిన్నచిన్న బొమ్మలు, వేలికొస అంత ముఖాలు. డుంగ్‌జిన్ రింపోచే అనే ఒక్క బౌద్ధ గురువు ఐదేళ్లు కూర్చుని చేశారట. ఫోటో తీయడానికి లేకపోవడంతో దాని ముందు చాలాసేపు ఉండాల్సి వచ్చింది. చుట్టూ తిరిగితే ప్రతి వైపూ ఇంకోటి దొరుకుతోంది. ఫోటో తీసి ఉంటే రెండు నిమిషాల్లో బయటికి వచ్చేసేదాన్నని నాకు బాగా తెలుసు.

అక్కడి నుంచి రబ్దెంత్సే. 1670 నుంచి 1814 వరకు సిక్కింకు రాజధాని. ఇప్పుడు మొండి గోడలే. చెట్ల మధ్య నుంచి పావుగంట పైన నడవాలి. నాచు పట్టిన రాళ్లు జారుతుంటే నాన్న నా భుజం పట్టుకున్నారు. చాలా ఏళ్ల తర్వాత ఆయన చెయ్యి నా భుజం మీద అంతసేపు ఉంది. పొగమంచులో ముందున్న చెట్టు కనిపిస్తోంది, దాటాక అది పోయి ఇంకో చెట్టు వస్తోంది. అడవి మా కోసం ఒక్కో చెట్టునే చూపిస్తూ నడిపించింది.

పైన మూడు రాతి చోర్టెన్లు ఉన్నాయి, రాజకుటుంబం పూజలు చేసిన స్తూపాలు. వాటి వెనక కాంచన్‌జంగా ఉండాలి. అక్కడ రాతి గట్టు మీద కూర్చున్నాం. మాతో ఇంకెవరూ లేరు. నేను ఏమీ అనలేదు, సారీ అసలే చెప్పలేదు. చాలాసేపటి తర్వాత నాన్న తనే మొదలుపెట్టారు.

"నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండేళ్లు ఆ త్రిభుజం తప్పుగా వేశానమ్మా. భూటాన్‌లో వేసేవాణ్ణి."

"నిజంగానా?"

"వెనక బెంచీ పిల్లాడొకడు అట్లాస్ తెచ్చి చూపించాడు. భయపడుతూ వచ్చాడు, కొడతానేమోనని. నాకు సిగ్గేసింది. ఆ రోజు నుంచే మొదలైంది, దీని మీద ఇష్టం. తప్పు వేశాను కదా, సరిగ్గా తెలుసుకోవాలని."

ముప్పై మూడేళ్ల ఇష్టం వెనక ఒక పిల్లాడి అట్లాస్ ఉందని నాకు తెలియదు. కొండ కనిపించి ఉంటే అందరం దాన్నే చూసి, ఫోటోలు తీసుకుని దిగిపోయేవాళ్లం. ఇలా అనిపించడం కూడా ఒక రకంగా లెక్క వేసుకోవడమేనేమో, దీనికి బదులు అది దొరికిందని. అలా లెక్క వేయాలని లేదు. ఆ గట్టు మీద తడిరాయి చల్లదనం, నాన్న గొంతు, పైనుంచి రాలే చుక్కలు. అంతే ఉంది, అంత ఉంది.

ఆ రాత్రి అలారం పెట్టలేదు. పొద్దున తొమ్మిదింటికి బయలుదేరదామని డ్రైవర్‌కు చెప్పి పడుకున్నాను.

ఆరో రోజు

మెలకువ వచ్చేసరికి ఏడైంది. గదిలో వెలుగు వేరేగా ఉంది, పసుపు పచ్చగా. కిటికీలో మబ్బు ఉంది కానీ పైపైన చారలు చారలుగా నీలం. నాన్న పక్క మీద లేరు. బాల్కనీలో దుప్పటి కప్పుకుని కుర్చీలో కూర్చున్నారు. పక్కన తాగని టీ కప్పు, పైన తరక కట్టి ఉంది.

"కనిపించింది" అన్నారు.

"ఎప్పుడు?"

"ఐదున్నర దాటాక. ఇరవై నిమిషాలు ఉందేమో."

"నన్ను లేపలేదేం నాన్నా?" చాలా గట్టిగా అన్నాను. కోపమే వచ్చింది. ఐదు రోజులూ ఏదో నేర్చుకున్నాననుకున్నదంతా ఒక్క క్షణంలో ఎటో పోయింది.

నాన్న తల దించుకున్నారు. "నువ్వు గుర్తు రాలేదమ్మా. చూస్తూ ఉండిపోయాను. మూసుకుపోయాక గుర్తొచ్చావు."

ఏమనాలో తెలియలేదు. ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను. తన సొంత కూతురు గుర్తు రానంతగా ఆయన దాన్ని చూశారు. ఎడమ పక్కన రెండడుగుల దూరంలో ఫోన్ పట్టుకుని ఎవరూ లేరు. నేను అక్కడ ఉండి ఉంటే ఆయన నా కోసం ఒకసారి తిరిగి నవ్వేవారు, తప్పకుండా. నాన్న అలాంటి మనిషి.

కోపం మెల్లగా దిగిపోయింది. "ఎలా ఉంది?" అని అడిగాను.

"నేను కింద చూస్తున్నానమ్మా. కొండలుండే చోట. అక్కడేమీ లేదు. ఎందుకో తలెత్తితే పైన ఉంది, ఆకాశం అనుకున్న చోట. అంత ఎత్తులో కొండ ఉంటుందని..." ఆగిపోయారు. ముప్పై మూడేళ్లు దాని ఎత్తు మీటర్లలో చెప్పిన మనిషి. "మొదట కొస ఒక్కటే. నిప్పు కణికలా. కింద ఏమీ లేదు, గాల్లో ఉంది. తర్వాత వెలుగు కిందికి దిగింది, ఒక్కో కొండా బయటికొచ్చింది."

లేచి బాల్కనీ తలుపు అద్దం దగ్గరికి వెళ్లారు. రాత్రి చలికి అద్దమంతా ఆవిరి పట్టి ఉంది. చూపుడు వేలు ఆనించి ఎడమ నుంచి మొదలుపెట్టారు. "ఇది రాథోంగ్. ఇక్కడ కబ్రు, దాని భుజం ఇలా వెడల్పుగా ఉంది." వేలు పైకి ఎక్కింది, ఆగింది, దిగింది, మళ్లీ ఎక్కింది. చెయ్యి తీయడం లేదు. నేను నేల మీదే కూర్చుని, మోకాళ్ల మీద గడ్డం ఆనించి, ఆ వేలునే చూస్తున్నాను. గీసిన గీతలోంచి నీటి చుక్కలు కిందికి జారుతున్నాయి.

కింద డ్రైవర్ హారన్ కొట్టాడు. తొమ్మిది ఇంకా కాలేదు, సామాను ఎక్కిద్దామని పిలుస్తున్నాడు.

"ఉండమను" అన్నారు నాన్న, అద్దం మీద నుంచి చూపు తిప్పకుండా. "పండిమ్ ఇంకా గీయలేదు."